37 చుక్కలు, ఒక నెల: రోజువారీ పనుల మధ్య సృజనకు చోటెక్కడ?

కొసగీత | డిసెంబరు 17

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ వేదికలో మీరు రాసేవి చదువుతున్నానే గాని, నేనుగా ఒక చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి.

నిన్నటితో ధనుర్మాసం నెల పట్టారు. మా అమ్మ ఉన్నప్పుడు ఈ నెలంతా తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో కళ్లాపి చల్లి, నేల ఇంకా తడి ఆరీ ఆరకముందే ముగ్గుకు కూర్చునేది. తడి ఎక్కువైతే పిండి కరిగిపోతుందనీ, పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుందనీ, ఆ మధ్య అదను ఒక పావుగంటే ఉంటుందనీ చెప్పేది. నేను ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటున్నాను. నా గుమ్మం ముందున్న జాగా మూడడుగుల వెడల్పు. అక్కడ నేల పలకరాయి, కళ్లాపి మాటే లేదు.

పదిహేడేళ్లుగా బ్యాంకులో పని చేస్తున్నాను. నాకు ఉద్యోగమంటే అయిష్టం లేదు. అయితే సొంతంగా ఒక వస్తువును, ఒక గీతను, ఒక వాక్యాన్ని తయారుచేసి ఎన్నాళ్లయిందని మొన్న నన్ను నేను అడుగుకుంటే జవాబు తోచలేదు. చిత్రలేఖనం నేర్చుకోమని స్నేహితురాలు సలహా ఇచ్చింది. దానికి వారానికి రెండు పూటలు కావాలి. నాకు మిగిలేది పొద్దున ఇరవై నిమిషాలు. నిన్న ఫోనులో చూసి ఒక ముగ్గు దింపాను. చూడడానికి బాగానే ఉంది, కాని అది నాదని అనిపించలేదు. ఇంత కొద్ది సమయంలో, ఇంత కొద్ది జాగాలో సృజన సాధ్యమేనా? మీలో ఎవరైనా రోజువారీ పనుల మధ్య అలాంటి చోటు చూసుకున్నారా?

—

లెక్కల మాస్టారు | డిసెంబరు 17

కొసగీత గారూ, మీరు సమయం గురించి అడిగారు గాని, నాకు మీ మూడడుగుల జాగాయే ఎక్కువ ఆసక్తిగా కనిపించింది. మీ కొరత మీకు నియమంగా పనికివస్తుంది.

ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించినవాడిని కనుక నా మాట లెక్కల దారినే పోతుంది, ఓపిక పట్టండి. మూడడుగుల జాగాలో సందు చుక్కల ముగ్గు (ఒక వరుస చుక్కల సందుల్లో పక్క వరుస చుక్కలు వచ్చేది) వేయాలంటే 7 చుక్కలు, 4 వరకు సరిపోతాయి. నడుమ వరుసలో 7, దానికి అటూ ఇటూ 6, 5, 4 చొప్పున పెడితే మొత్తం 37 చుక్కలు. మీ అమ్మగారు 15 చుక్కలు 8 వరకు వేసి ఉంటే అవి 169. మీకు అందులో నాలుగోవంతు కన్నా తక్కువ ఉన్నాయి, నిజమే. కాని 37 చుక్కలను కలపడానికి ఉన్న దారులు మీరు ఈ జన్మలో వేసి ముగించలేనన్ని.

మెలికల ముగ్గులో ఇంకొక అందం ఉంది. అడ్డంగా, నిలువుగా వరుసలుగా చుక్కలు పెట్టి, ప్రతి చుక్క చుట్టూ గీత తిరిగేలా, పక్క పక్క చుక్కల మధ్య గీతలు ఒకదానినొకటి దాటేలా సాదాగా అల్లుకుంటూ పోతే, ఆ ముగ్గు ఎన్ని వేర్వేరు గీతలతో ముగుస్తుందో ముందే చెప్పవచ్చు. వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా., అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య, ఎంతో అన్ని గీతలు. 5 వరుసలు, వరుసకు 4 చుక్కలు అయితే చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతతో మొదలైన చోటికే వస్తారు. 6 వరుసలు, 4 చుక్కలైతే రెండు గీతలు తప్పవు. నా తరగతిలో గ.సా.భా. అంటే బెదిరిపోయే పిల్లలు నల్లబల్ల మీద ఈ ముగ్గు వేశాక దాన్ని మరచిపోలేదు. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు తమిళుల కోలాలకు ఉన్న ఇలాంటి నియమాలను కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణాలుగా రాశారు. ఇంటి ముందు ఆడవాళ్లు వంగి చేసే పనిలో ఎంత ఆలోచన ఉందో చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

నా సూచన ఇది. ఈ నెలంతా అవే 37 చుక్కలు పెట్టండి. ఫోను చూడవద్దు. నిన్న వేసినది ఇవాళ వేయవద్దు. నెల ఆఖరున వచ్చి ఏం జరిగిందో మాకు చెప్పండి.

—

సాదా మనిషి | డిసెంబరు 18

నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం, నొచ్చుకోవద్దని మనవి. ఈ మధ్య కూర వండినా సృజన, అల్మారా సర్దినా సృజన అంటున్నారు. ఒక శిల్పి ఏళ్ల తరబడి సాధన చేసి రాతిలో ఒక ముఖాన్ని తెచ్చినదానికీ, మనం 37 చుక్కలు కలిపినదానికీ ఒకే మాట వాడితే ఆ మాటకు బరువు పోదా? రోజువారీ పనిని శ్రద్ధగా చేయడం గొప్ప సుగుణం. దానిని శ్రద్ధ అనే పిలవవచ్చు కదా.

—

ఆటవెలది అభిమాని | డిసెంబరు 18

సాదా మనిషి గారి ప్రశ్న న్యాయమైనదే. నేను అనుభవం మీద జవాబు చెబుతాను. నాకు తెలిసినంతలో శ్రద్ధకూ సృజనకూ మధ్య గీత ఒక చోట కనిపిస్తుంది: చేస్తున్న మనిషి ఏదో ఒక ఘడియలో "ఇలా కాక ఇంకోలా చేస్తే?" అని అడిగి, ఆ ప్రశ్నకు చేత్తో జవాబు ఇచ్చుకున్న చోట. ఆ జవాబు శిల్పమంత పెద్దది కావచ్చు, చుక్క అంత చిన్నది కావచ్చు.

నేను ఆరేళ్లుగా రోజుకొక ఆటవెలది రాసే ప్రయత్నం చేస్తున్నాను. వేమన పద్యాలలో ఎక్కువ భాగం ఈ ఛందస్సులోనే ఉన్నాయి కనుక దీని నడక మనందరి చెవిలోనూ ఉంటుంది. బేసి పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే లెక్క ప్రకారం కూర్చిన అక్షరాల గుంపు); సరి పాదాలలో అయిదూ సూర్యగణాలే; నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. బడిలో ఉన్నప్పుడు ఇవి సంకెళ్లలా తోచాయి. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి పాలు కాగే లోపల ఒక పాదం కట్టుకుంటున్నానంటే ఆ సంకెళ్ల చలవే, ఎందుకంటే ఏ మాటైనా రాయవచ్చంటే నాకు ఏ మాటా తోచదు, "ప"తో మొదలయ్యే మాటే కావాలంటే వెంటనే పది మాటలు వరుస కడతాయి.

పోయిన వారం జరిగిన సంగతి ఇది:

పాలు పొంగు వేళ పద్యమ్ము పుట్టెను
పద్యమాగలేదు పాలవోలె
కాగితమ్ము లేక కరమందు రాసితి
కడిగినంత కవిత కరిగిపోయె

మొదట అరచేతిలో రాసుకున్న పద్యం ఇది కాదు, అది ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు లేదు. ఇది దాని స్థానంలో వచ్చింది. పోయినదాని గురించి నాకు బెంగ లేదు. కొసగీత గారి ముగ్గు కూడా మధ్యాహ్నానికి ఎవరి కాలికిందో పోతుంది, మళ్లీ తెల్లవారుతుంది.

—

గునుగుపువ్వు | డిసెంబరు 19

పోయేదాన్నే అంత శ్రద్ధగా చేయడం గురించి చెప్పుకుంటున్నారు కనుక మా బతుకమ్మ ముచ్చట చెప్పకుండా ఉండలేను.

మాది కరీంనగర్ వైపు పల్లె. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది దినాలు, అలిగిన బతుకమ్మ అనే ఆరో నాడు తప్ప రోజూ పేర్చడం, సాయంత్రానికి చెరువులో వేయడం. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరచి, వాటి మీద తంగేడు పూలు గుండ్రంగా పేరుస్తూ, లోపలి బోలును ఆకు తుంపులతో నింపుకుంటూ పైకి తీసుకురావాలి. ఎత్తు పెరిగినకొద్దీ వలయం సన్నబడాలి. ఒక వరుస ఒక్క పువ్వంత వెలుపలికి జరిగినా మీది నాలుగు వరుసలూ ఒరిగిపోతాయి. గునుగు పూలకు రంగులు అద్దుతాము. ఏ రంగు ఎంత చిక్కగా ఉండాలి, ఎన్ని వరుసలకు ఒకసారి తెల్లగునుగును అలాగే వదలాలి అన్నది ప్రతి ఇంట్లోనూ వేరు. దూరం నుంచి చూసి ఇది ఫలానా వాళ్ల బతుకమ్మ అని మా నాయనమ్మ చెప్పేది. ఎవరూ దాని మీద పేరు రాయలేదు, అయినా పోల్చుకునేది.

పాట కూడా అంతే. ఒకరు ఒక మాట అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఆ ఒక్క పదం పలికే వ్యవధిలో ముందుండి పాడే ఆమె తరువాతి మాటను కట్టుకుంటుంది. నేను పదో తరగతిలో ఉండగా మా చిన్నమ్మ, ఆ ఏడు ఎండిపోయిన మా బావి సంగతిని అప్పటికప్పుడు పాటలోకి తెచ్చింది. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లలో కొందరి అడుగు ఆగింది, చప్పట్లు ఒకసారి తప్పాయి, మళ్లీ అందుకున్నారు. చిన్నమ్మ బడికి పోలేదు. సాదా మనిషి గారూ, దానిని నేను శ్రద్ధ అని మాత్రమే అనలేను.

—

వంటింటి కిటికీ | డిసెంబరు 21

రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆగి, చివరికి రాస్తున్నాను.

మా అమ్మ బీరకాయ తొక్కుతో పచ్చడి చేసేది. సొరకాయ లోపలి దూది, గింజలు, పుచ్చకాయ ఎర్ర గుజ్జు పోగా మిగిలే తెల్లని భాగం, అన్నీ ఏదో ఒక వంటకమై వచ్చేవి. తొక్కు ముందుగా నూనెలో గలగలలాడే దాకా వేయించాలనీ, చింతపండు ముందే వేస్తే పచ్చి వాసన లోపలే ఉండిపోతుందనీ, రోట్లో చివరి నాలుగు దెబ్బలు మెత్తగా కాక కచ్చాపచ్చాగా వేయాలనీ నాకు నేర్పింది. అందరూ ఆవిడ చేతి చలువను పొగిడారు. కాని ఆ పచ్చడి పుట్టింది నెలాఖరున కూర కొనడానికి డబ్బులు లేకనే. ఇంట్లో ఆరుగురం. ఆవిడకు పాట వచ్చు, హార్మోనియం మీద చెయ్యి తిరిగేది. పెళ్లయ్యాక ఆ పెట్టెను మళ్లీ తెరవలేదు. ఆవిడ పచ్చడిని సృజన అని మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఆ మూసిన హార్మోనియం గుర్తుకు వస్తుంది.

కనుక ఇంటి పనిలోనే సృజన ఉంది కదా అని ఆడవాళ్లకు చెప్పేటప్పుడు కొంచెం ఆగి ఆలోచించాలని కోరుతున్నాను. కొసగీత గారూ, మీరు ముగ్గు పెట్టండి, మనసారా పెట్టండి. కాని అది వారానికి రెండు పూటల చిత్రలేఖనానికి బదులుగా సర్దుకున్నది కాకూడదు. ఆ రెండు పూటలు ఎందుకు దొరకడం లేదో కూడా ఇంట్లో అడగండి.

—

సాదా మనిషి | డిసెంబరు 21

వంటింటి కిటికీ గారూ, నేను మాట బరువు గురించి అడిగాను. మీరు ఆ మాట ఎవరి మీద బరువు వేస్తుందో చూపించారు. గునుగుపువ్వు గారి చిన్నమ్మ విషయంలో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను.

—

దూరపు వాకిలి | డిసెంబరు 23

నేను డాలస్‌లో ఉంటాను. ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. ఇక్కడ వాళ్లు తెలుగు వింటారు, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతారు. ప్రతి ఆదివారం రాత్రి నేను ఒక కథ చెప్పాలి, అది అంతకుముందు ఎవరూ చెప్పని కథై ఉండాలి. పిల్లలు మూడు వస్తువుల పేర్లు ఇస్తారు, ఆ మూడూ కథలోకి వచ్చి తీరాలి. అష్టావధానంలో దత్తపది అంటే ఇదే కదా; పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇస్తే అవధాని వాటిని పద్యంలో ఇముడుస్తాడు. మా నాన్న చిన్నప్పుడు నన్ను అవధానాలకు తీసుకువెళ్లేవారు. అవధానాలకు పేరుపడ్డ జంటకవులు తిరుపతి వేంకట కవుల పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. నాకు పద్యం రాదు, అందుకని ఆ నియమాన్ని మాత్రం తెచ్చుకున్నాను.

ఒక నియమం నేను కూడా పెట్టాను. వాళ్లు ఇచ్చే మూడు మాటలూ తెలుగు మాటలే కావాలి. మొదట్లో ఆవు, చెట్టు, ఇల్లు తప్ప వచ్చేవి కావు. నన్ను ఇరకాటంలో పెట్టాలన్న పట్టుదల పెరిగాక, కష్టమైన మాటల కోసం అమ్మమ్మకు ఫోను చేయడం మొదలుపెట్టారు. గత వారం చిన్నవాడు "దబ్బనం, చెమ్చా, జలుబు" అన్నాడు. దబ్బనం అంటే ఏమిటని పెద్దది అడిగింది. బొంతలు కుట్టే లావాటి సూది అని తమ్ముడే చెప్పాడు. నా కథ ఆ రాత్రి అంత బాగా రాలేదు. అయినా మా ఇంట్లో దబ్బనం అన్న మాట వినిపించి ఎన్నేళ్లయిందో.

—

లెక్కల మాస్టారు | డిసెంబరు 24

దూరపు వాకిలి గారూ, ఈ ఆట మా మనుమల మీద ప్రయోగిస్తాను. వంటింటి కిటికీ గారు చెప్పినది చదివాక నా మొదటి సందేశంలోని "కొరత మీకు నియమంగా పనికివస్తుంది" అన్న వాక్యం గుచ్చుకుంది. తానుగా పెట్టుకున్న నియమం వేరు, బతుకు నెత్తిన పెట్టిన కొరత వేరు. పద్యానికి యతి మొదటి కోవది. బీరతొక్కు పచ్చడి రెండో కోవది. ఆ తేడా నేను అప్పుడు చెప్పి ఉండవలసింది.

—

కొసగీత | డిసెంబరు 28

మధ్యలో ఒక కబురు చెప్పి పోతాను. మొదటి నాలుగు రోజులు సులువుగా గడిచాయి. పువ్వు, నక్షత్రం, తామర, మళ్లీ ఇంకో పువ్వు. అయిదో రోజు 37 చుక్కలు పెట్టి పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. చెయ్యి తనంతట తాను పువ్వు వైపే పోతోంది. చివరికి బయటి వరుసలను అలాగే వదిలి, లోపల 19 చుక్కలతోనే ఒక మెలిక వేశాను. ఖాళీగా మిగిలిన 18 చుక్కలు దాని చుట్టూ కంచెలా నిలబడ్డాయి. వదిలేసిన చుక్క కూడా ముగ్గులో భాగమేనని అప్పటిదాకా నాకు తోచలేదు.

పదకొండో రోజు తుమ్ము వచ్చి గీత పక్కకు జారింది. చెరిపేయబోయి ఆగాను. ఆ జారిన వంకరనే మిగతా అయిదు వైపులా దింపాను. ఇంతవరకూ వేసినవాటిలో అదే నాకు బాగా నచ్చింది.

ఒక ఇబ్బంది కూడా వచ్చింది. నేను బియ్యప్పిండితో పెడుతున్నాను. చీమలు వస్తున్నాయని, నడవాలో ముగ్గులు వద్దని మా భవనం సంఘం వారు కాగితం పంపారు. చీమల కోసమే కదా బియ్యప్పిండి అని చెప్పాలనిపించింది. అయినా గొడవ ఎందుకని సుద్దముక్కతో వేయడం మొదలుపెట్టాను. సుద్దముక్క రెండు వేళ్ల మధ్య జారే పిండిలా ఉండదు, గీత సన్నదనం చేతి మాట వినదు. మూడు రోజుల తరువాత సంఘం అధ్యక్షుడి గారితో మాట్లాడి, రాతిముగ్గు పిండికి ఒప్పించాను.

వంటింటి కిటికీ గారూ, ఇంట్లో అడిగాను. శనివారం సాయంత్రాలు పిల్లవాడి ట్యూషను పని మా వారు చూసుకుంటారు. ఒక పూట దొరికింది. రెండోది ఇంకా అడుగుతున్నాను.

—

వంటింటి కిటికీ | డిసెంబరు 28

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ చర్చ మళ్లీ తెరిచాను. రెండో పూటను వదలకండి.

—

ఆటవెలది అభిమాని | జనవరి 2

కొసగీత గారి పదకొండో రోజు ముగ్గు గురించి చదివాక, సమస్యాపూరణంలో జరిగేది గుర్తుకు వచ్చింది. ఆకాశవాణిలో సమస్యాపూరణం విని పెరిగినవాళ్లకు తెలుస్తుంది. ఇచ్చిన పాదం అర్థం లేనిదిగానో, అనకూడనిదిగానో ఉంటుంది. పూరించేవారు ఆ పాదాన్ని మార్చరు. దానికి ముందు మూడు పాదాలు కట్టి, ఆ తప్పు మాట ఒప్పయ్యే సందర్భాన్ని కల్పిస్తారు. మీ తుమ్ము ఒక సమస్య ఇచ్చింది, మిగతా అయిదు వైపులా మీరు పూరించారు. ఈ పద్ధతి ముగ్గుకూ పద్యానికే కాదు, కుదరని రోజుకు కూడా వర్తిస్తుందేమోనని ఈ వారం ప్రయత్నిస్తున్నాను. నిన్న విద్యుత్తు పోయి రాసుకోవడం కుదరలేదు. చీకట్లో మా ఆవిడా నేనూ ఒక పాదం తను, ఒక పాదం నేను చెప్పుకున్నాము. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెకు యతి తెలుసని నాకు తెలియదు.

—

కొసగీత | జనవరి 17

మాస్టారు గారు నెల ఆఖరున రమ్మన్నారు, వచ్చాను. ఒక్క రోజు జ్వరంతో తప్పింది, మిగతా అన్ని రోజులూ పెట్టాను. రెండుసార్లు పాతదే తెలియక మళ్లీ వేశానని నోటు పుస్తకం తిరగేస్తే తెలిసింది.

భోగినాడు ఎదురింటి పాప, ఎనిమిదేళ్లది, వచ్చి పక్కన కూర్చుని తనకు కొన్ని చుక్కలు ఇవ్వమంది. నా 37లో నుంచి ఒక మూల 7 చుక్కలు ఇచ్చాను. అందులో అది ఒక పిల్లిని వేసింది. ముగ్గులో పిల్లి నేనెప్పుడూ చూడలేదు. దాని మీసాలు నా తామర రేకుల లోపలికి వచ్చాయి, వాటిని అలాగే ఉంచి నా రేకులనే కొంచెం పక్కకు జరిపాను.

నిన్న కనుమ. 37 చుక్కల నియమం పక్కన పెట్టి, అమ్మ వేసినట్టే రథం ముగ్గు వేశాను. మా ఊళ్లో రథం తాడును పక్కింటి ముగ్గు దాకా లాగేవారు, అక్కడి నుంచి వాళ్లు ఆ పక్కింటికి. నేను తాడును నడవా వెంట ఎదురింటి గడప దాకా గీసి ఆపాను. ఆఫీసు నుంచి సాయంత్రం వచ్చేసరికి ఎవరో దాన్ని మెట్ల దాకా తీసుకుపోయారు. మూడో అంతస్తులో వేరే చేతి గీత ఉంది, కొంచెం లావుగా, తొందరగా లాగినట్టుగా. నడవా తుడిచే ఆమె తాడున్న మేర వదిలి మిగతాదే తుడిచింది. ఎవరు గీశారో అడగలేదు.

మాస్టారూ, రేపటి నుంచి 5 చుక్కలు, 3 వరకు పెడదామనుకుంటున్నాను. అవి 19 అవుతాయి కదా?

—

లెక్కల మాస్టారు | జనవరి 17

అవుతాయమ్మా. అందులో ఆ పాపకు ఎన్ని ఇస్తారో ముందే అనుకోండి.